ఖాళీ నేల మీద సంత

సంతకు ముందు రోజు

గాలి కొలిచే గిన్నెలను పొడుగు కర్రకు బిగించి నిలబెట్టాను. అవి తిరగలేదు. జలాశయం ఎండిపోయాక దాని అడుగున గాలి ఆడని రోజులు నేను చూసినవి తక్కువ. గాలివానల దారి తిప్పే ఆకాశ మండలి మాకు మూడు రోజుల నిలకడ ఇచ్చింది, అంటే ఆ రోజుల్లో ఇటు గాలివాన రానివ్వరు. కొండల మీది వేడి స్తంభాలు నిన్నటి నుంచి ఎర్రగా కాలుతున్నాయి. అవి కాలినంతసేపు గాలివాన ఇటు తిరగదని మండలి మాట.

నా పేరు పీరమ్మ. ఈ బొమ్మల సంతకు గాలి కాపును. గుడారాలు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చెప్పడం, చెప్పింది ఈ చిట్టాలో రాయడం నా పని. సంత అయిపోయాక చిట్టాను, ఆకాశానికి అడ్డంగా కప్పు కట్టుకుని బతికే కప్పు ఊరి గేటు దగ్గర అప్పగించాలి.

గుడారాల గుంజలకు కట్టడానికి నాపరాళ్ళు వచ్చాయి. గుండ్లకుంట గని నుంచి లింగమ్మ, ఆమె మొగుడు ఓబిలేసు బండి మీద తెచ్చారు. కిందటేడు కంటే ఎక్కువే ఉన్నాయి.

"ఇన్ని ఎందుకు లింగమ్మా?" అన్నాను.

"పోయినేడు మీ గుడారం ఒగటి ఎగిరొచ్చి మా గని కాడ పడింది గదక్కా. ఈసారి రానీకుండా," అని నవ్వింది.

రాళ్ళు దించి వాళ్ళు మధ్యాహ్నానికే వెళ్ళిపోయారు.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ప్రతి ఏడూ చెప్పేదే చెప్పాను. గాలి లేస్తే గుంజ పట్టుకోవద్దు. గుడారం పోతే పోనివ్వండి, బొమ్మలు పోతే పోనివ్వండి, చేతులు వదిలేయండి. తోలుబొమ్మల గోవిందన్న తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పేది నిజమే పీరమ్మా. మా తాత కోసిన తోలు లోపలుంటే చెయ్యి మాట వింటాదా?"

మొదటి రోజు, సాయంత్రం

గేటు తెరిచారు. కప్పు ఊరివాళ్ళు గుంపులుగా వచ్చారు. మెడల్లో గుర్తు బిళ్ళలు, మూతులకు బట్టలు. మొదట అందరూ ఒకటే పని చేస్తారు, ఆగి తలెత్తి చూస్తారు. కప్పు లేని ఆకాశం కింద నిలబడడానికి వాళ్ళకు కాసేపు పడుతుంది. తర్వాత బొమ్మల దగ్గరికి వస్తారు, చెయ్యి చాపుతారు. వాళ్ళ ఇళ్ళలో గోడను అడిగితే ఏ బొమ్మైనా వేసి చూపిస్తుందట. తాకడానికి మాత్రం ఇక్కడికే రావాలి. తోలు, మట్టి, జిగురు, ఇవేవీ దుమ్ము పరీక్ష దాటకుండా గేటు లోపలికి పోవు. మేమూ పోలేము.

రవణమ్మ మా గుడారం ముందు బట్ట పరిచి కలంకారీ గీస్తోంది. సంతల్లో మేమిద్దరం ఒకే గుడారంలో ఉంటాం. ఒక పెద్దావిడ వచ్చి ఆమె ఎదురుగా చతికిలబడింది.

"ఈ నలుపు ఎలా వస్తుందమ్మా?"

"తుప్పు, బెల్లమూ నానబెడితే వస్తాదమ్మా. వాసన చూడు."

ఆవిడ నిజంగానే వంగి వాసన చూసింది. దమయంతి అని పేరు చెప్పింది. కప్పు కింద ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకుందట.

పొద్దు వాలుతుండగా ఒక సుడిగాలి లేచింది. నిలకడ రోజుల్లో అది రాకూడదు. చిన్నదే. గోవిందన్న గుడారం ఒక మూల లేవగానే ఆయన గుంజను కౌగిలించుకున్నాడు. వదలమని నేను అరిచేలోపే గుంజతోపాటు మనిషి గాల్లోకి లేచి పక్క గుడారం మీద పడ్డాడు. భుజం జారింది. దమయంతిగారు పరుగున వచ్చి, ఆయన చేతిని తన మోకాలికి ఆనించుకుని ఒక్క లాగు లాగి ఎముకను చోట్లో పెట్టారు. తన పైటబట్ట చింపి చెయ్యి మెడకు కట్టారు.

"నేను వదలమన్నాను గదన్నా," అన్నాను.

"వదిల్నా. ఆలస్యంగా," అన్నాడు, నొప్పితో పళ్ళు బిగించి.

సుడిగాలి గురించి వైర్‌లెస్‌లో గేటుకు చెప్పాను. గేటు అధికారి శశాంక్, కుర్రవాడు, మర్యాదస్తుడు. మండలికి తెలియజేస్తానన్నాడు.

రెండో రోజు, పొద్దున

గిన్నెలు తిరుగుతున్నాయి. తూర్పున గోధుమరంగు గోడ లేచి ఉంది. దాని పైఅంచు నల్లగా ఉంది. అంటే దుమ్ము వెనకాల వడగళ్ళు, వాన ఉన్నాయి. నిన్న సాయంత్రం లేని గోడ అది.

శశాంక్ పిలిచాడు.

"పీరమ్మగారూ, మధ్యాహ్నంలోపు మా వాళ్ళందరినీ లోపలికి పంపించండి. మీరు గుడారాలు దించుకోండి."

"నిలకడ ఇచ్చినారు గదా."

"ఇచ్చారు. గాలివాన మా నారుమడుల మీదికి వస్తోంది. ఊరంతటికీ తిండి అక్కడి నుంచే. పక్కకు తిప్పక తప్పదంటున్నారు."

"పక్కకంటే యాడికి?"

గరగరలోంచి అతని మాట వచ్చింది.

"బిళ్ళలున్న నేల మీదికి తిప్పకూడదని నిబంధన. బిళ్ళలు లేకపోతే మ్యాపులో అది ఖాళీ నేల. మా వాళ్ళు లోపలికి వచ్చేస్తే మీరున్న చోటు..." ఆగాడు. "నేను చెప్పినట్టు ఎక్కడా రాయకండి."

రాస్తున్నాను.

మమ్మల్ని లోపలికి రానివ్వమని అడిగాను. దుమ్ము పరీక్షకు రెండు రోజులు పడుతుందన్నాడు. పిల్లలనైనా రానివ్వమన్నాను. తన చేతిలో లేదన్నాడు. అతని గొంతు బాగా తగ్గిపోయింది. అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు.

మా దగ్గర లారీలు రెండే. అందరూ పట్టరు. పట్టినా ఆ గోడను దాటి పోలేవు.

గోవిందన్నను, రవణమ్మను పక్కకు పిలిచి విన్నది విన్నట్టు చెప్పాను. గోవిందన్నకు వెంటనే అర్థమైంది.

"అట్లయితే వాళ్ళకు చెప్పొద్దు. నేను ఆట మొదలుపెడతా. గుడారంలో కూర్చోబెడితే గాలి సంగతి ఎవురికీ తెలీదు. వాళ్ళున్నంతసేపు మనకు భయం ల్యా."

"వాళ్ళు ఉన్నా తిప్పితే? వాళ్ళను మనమే చంపినట్టు గదా," అన్నాను.

"పోతే మనం చస్తాం."

రవణమ్మ తూర్పు గోడనే చూస్తోంది. "మన మీద పడకపోతే అది యాడ పడతాది?" అంది.

ఇద్దరం ఆమె వైపు చూశాం. నాకు తొందరగా ఉంది. సంతలో పిల్లలు ఉన్నారు, గోడ దగ్గరవుతోంది. ఆ ప్రశ్నను పట్టించుకునే తీరిక లేదనుకున్నాను.

రెండో రోజు, మధ్యాహ్నం

చెప్పకుండా ఉండలేకపోయాను. గంట కొట్టి అందరినీ పోగేసి బల్ల మీద నిలబడ్డాను. గాలి గిన్నెలు నా తల మీద కిర్రుమంటూ తిరుగుతున్నాయి.

"మీరు లోపలికి పోవల్లని గేటు కాడి నుంచి మాట వచ్చింది. పోవద్దని నేను చెప్పను. కానీ మీరు పోతే ఈ నేల ఖాళీ అని రాసుకుంటారు. అప్పుడు ఆ గాలివాన మా మీదికి వస్తాది. మీలో కొందరు ఉంటే రాకపోవచ్చు. రాదని మాత్రం నేను మాటియ్యలేను. ఇంతే నాకు తెలిసింది."

గుంపులో ఒకాయన కోపంగా అడిగాడు. "అంటే మమ్మల్ని అడ్డం పెట్టుకుంటారా?"

"అవును. అదే అడుగుతాండా," అన్నాను.

ఆయన తన పిల్లల చేతులు పట్టుకుని గేటు వైపు నడిచాడు. తప్పు పట్టలేను. ఆయన వెనకాల చాలామంది కదిలారు. కొందరు వెళ్తూ కొన్న బొమ్మలను ఏ గుడారంలో కొన్నారో అక్కడే పెట్టి వెళ్ళారు. ఎందుకో నాకు తెలియదు.

దమయంతిగారు మా గుడారం ముందున్న కుర్చీలో కూర్చుని చెప్పులు విడిచారు.

"నేను ఇక్కడే ఉంటానమ్మా. ఇంట్లో నాకోసం ఎదురు చూసేవాళ్ళు లేరు. నిన్న ఎక్కించిన భుజం మళ్ళీ జారిపోతే చూసేవాళ్ళు ఉండాలి కదా."

ఆవిడను చూసి ఒక జంట ఆగింది. గేటు దాకా వెళ్ళిన ముగ్గురు కుర్రాళ్ళు తిరిగి వచ్చారు. ఒక లెక్కల మాస్టారు తన విద్యార్థులను గేటు లోపలికి పంపి తాను వెనక్కి వచ్చాడు. చివరికి ముప్పై మంది దాకా మిగిలారు.

గుడారాలన్నీ దించేశాం. పెద్దదాన్ని ఒక్కదాన్ని నడుమెత్తుకు తగ్గించి, చుట్టూ రాళ్ళు పేర్చి, అందరం అందులోకి దూరాం. రెండు వందల మందిమి మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాం. బిళ్ళలవాళ్ళను నడిమధ్యన కూర్చోబెట్టాను. శశాంక్ పిలిచి వాళ్ళను పంపమన్నాడు. వైర్‌లెస్‌ను దమయంతిగారికి ఇచ్చాను.

"నేను అంతా వినే ఇక్కడ ఉండిపోయాను నాయనా. నా బిళ్ళ నా మెడలోనే ఉంది. మీ మ్యాపులో కనబడుతోందా?"

"కనబడుతోందమ్మా."

"అయితే చూస్తూ ఉండు."

గాలి గుడారాన్ని తన్నింది. గుడ్డ లోపలికి పొంగి మా తలలకు తగిలింది. పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. గోవిందన్న మంచి చేత్తో ఒక బొమ్మను ఎత్తి పట్టుకుని, ఆ చీకట్లో ఎవరికీ కనిపించకపోయినా పాట ఎత్తుకున్నాడు. దుమ్ము గొంతులో పడి దగ్గొచ్చినప్పుడు ఆగాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. వడగళ్ళు కొన్ని పడ్డాయి. తర్వాత అవి ఆగాయి.

నేను అంచు కింద నుంచి బయటికి పాకి చూశాను. తూర్పు కొండ మీది స్తంభాలు ఆరిపోయి, ఉత్తరపు కొండవి వెలిగాయి. గోడ మా ముందు ఎడమ నుంచి కుడికి జారుతోంది. నెమ్మదిగా, ఎవరో తెర లాగినట్టు. గిన్నెల వేగం తగ్గింది.

"తిరిగింది," అన్నాను లోపలికి తల పెట్టి.

జనం ఏడ్చారు, నవ్వారు. లెక్కల మాస్టారు ఎవరో తెలియని మా కుండల కిష్టప్పను కౌగిలించుకున్నాడు. గోవిందన్న కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. రవణమ్మ ఒక్కతే కదలలేదు. నన్నే చూస్తోంది.

అప్పుడు నేను మళ్ళీ బయటికి వెళ్ళి గోడ ఎటు పోతోందో చూశాను. దక్షిణానికి పోతోంది. అటు గుండ్లకుంట గని తప్ప ఏమీ లేదు.

శశాంక్‌ను పిలిచాను.

"గని మీదికి పోతాంది. ఆపండి."

"అక్కడ బిళ్ళలు లేవు పీరమ్మగారూ."

"మనుషులుండారు. అరవై ఇండ్లు. పిల్లా జెల్లా."

అతను ఎవరితోనో మాట్లాడడం వినిపించింది. మళ్ళీ వైర్‌లెస్‌లోకి వచ్చాడు.

"నారుమడుల వైపు తిప్పరు. తిప్పితే మళ్ళీ మీ వైపే. మీ దగ్గరున్న మా వాళ్ళను లోపలికి పంపేస్తే మళ్ళించొచ్చంటున్నారు. ఇప్పుడే చెప్పాలి. పంపుతారా?"

వైర్‌లెస్ నా చేతిలో ఉంది. గుడారం కింద నుంచి మా పిల్లలు బయటికి వచ్చి, పడిన వడగళ్ళను ఏరి నోట్లో వేసుకుంటున్నారు. ఒక పసిది నా కాలు పట్టుకుని నిలబడింది.

"పీరమ్మగారూ?"

నేను ఏమీ అనలేదు. పంపనని అనలేదు, పంపుతాననీ అనలేదు. అతను మరోసారి పిలిచాడు. తర్వాత పిలవలేదు.

కొంతసేపటికి దమయంతిగారి దగ్గరికి వెళ్ళాను. గనిలో మనుషులున్నారనీ, బిళ్ళలు అక్కడికి చేరితే మండలి గాలివానను ఇంకోవైపు తిప్పక తప్పదనీ చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. చెప్పులు వేసుకున్నారు. మాస్టారు, ముగ్గురు కుర్రాళ్ళు లేచారు. మిగిలినవాళ్ళు సంతలోనే ఉండిపోయారు. లారీ రవణమ్మ నడిపింది.

సగం దారిలో గోడ మమ్మల్ని అందుకుంది. ముందు రోడ్డు పోయింది, తర్వాత లారీ ముక్కు కనిపించలేదు. రవణమ్మ కల్వర్టు పక్కకు దింపి ఆపింది. అందరం దాని కింద దూరాం. పిడికిలంత వడగళ్ళు లారీ రేకును చీల్చాయి. దమయంతిగారు తన బిళ్ళను మెడలోంచి తీసి, చెయ్యి బయటికి చాచి, కొండల వైపు ఎత్తి పట్టుకున్నారు. అలా పట్టుకుంటే బాగా కనిపిస్తుందనుకున్నారేమో. వడగళ్ళ దెబ్బకు ఆ చేతి వేళ్ళు విరిగాయి. నేను లోపలికి లాగేవరకూ దించలేదు.

గాలివాన తిరగలేదు.

మూడో రోజు

గని గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. ఆకాశం తేటగా ఉంది.

ఇక్కడివాళ్ళ ఇళ్ళు నాపరాళ్ళు నిలబెట్టి, పైన నాపరాళ్ళు పరిచినవి. గాలికి పైరాళ్ళు జారడం మొదలవగానే జనం గని గుంతలోకి దిగారు. దుమ్ముగాలి వస్తే ఎప్పుడూ అక్కడికే దిగుతారు. గుంతలో గాలి తగలదు. కానీ దుమ్ము వెనకాల వాన వచ్చింది. చుట్టూ ఉన్న బండనేల మీద పడిన నీరంతా ఒక్కసారిగా గుంతలోకి దూకింది. మెట్ల దారి ముందే కొట్టుకుపోయింది.

రాళ్ళు ఎత్తే యంత్రం తాడు పట్టుకుని కొందరు పైకి వచ్చారు. లింగమ్మ వాళ్ళలో ఉంది. ఓబిలేసు కింద నుంచి ఒక్కొక్కరినీ తాడుకు అందిస్తూ ఉండిపోయాడట. వాళ్ళ చిన్న కూతురు కూడా రాలేదు.

గాలివాన వెళ్ళాక కల్వర్టు కింద నుంచి మేము నడిచి వచ్చాం, పొద్దున్నే సంత మొత్తం నడిచి వచ్చింది. గోవిందన్న ఒంటిచేత్తో రాళ్ళు తొలగిస్తున్నాడు. వద్దన్నా వినడం లేదు. దమయంతిగారు విరిగిన వేళ్ళకు పుల్లలు కట్టుకుని, రెండో చేత్తో గాయాలు కడుగుతున్నారు. మాతో లారీలో వచ్చిన మాస్టారు, ముగ్గురు కుర్రాళ్ళు ఒడ్డున పడుకోబెట్టినవాళ్ళ ముఖాలు తుడుస్తున్నారు. కప్పు ఊరి నుంచి సాయానికి ఇంకెవరూ గేటు దాటి రాలేదు.

శశాంక్ పిలిచాడు. రాత్రంతా నిద్ర లేనట్టుంది.

"మండలి మీ చిట్టా అడుగుతోంది. సంత స్థలంలో ప్రాణనష్టం లేదని రాస్తే చాలంటున్నారు."

"అది నిజమే. సంతలో ఎవురూ పోల్యా," అన్నాను.

"నన్ను క్షమించండి."

"నిన్ను నేను ఏమని క్షమించేది నాయనా? నువ్వు అడిగితివి. నేను నోరు తెరవకపోతిని."

అతను ఏదో చెప్పబోయాడు. నేను వైర్‌లెస్ ఆపేశాను.

నిన్న జరిగింది ఇక్కడివాళ్ళకు ఎవరికీ తెలియదు. మేము సాయం చేయడానికి వచ్చామని గనివాళ్ళు మాకు ముందుగా నీళ్ళు ఇచ్చారు. వాళ్ళకే చాలని నీళ్ళు. ముంత చేతిలోకి తీసుకున్నాను గానీ తాగలేకపోయాను. తీసుకెళ్ళి లింగమ్మ పక్కన పెట్టి కూర్చున్నాను. ఆమె తడి చీరతోనే గుంత వైపు చూస్తూ ఉంది.

"నిన్న పొద్దున ఆకాశం మీ దిక్కు నల్లగుండె గదక్కా," అంది. "మీరు ఏమైపోతారో అని ఓబిలేసు బండి కట్టబోయినాడు. అంతలో మా మీదికే వచ్చె. ఎట్లొచ్చిందో."

చెప్పాను. నిబంధన సంగతి, బిళ్ళల సంగతి, జనాన్ని మధ్యన కూర్చోబెట్టుకున్న సంగతి, రవణమ్మ అడిగిన మాట, శశాంక్ అడిగిన మాట. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"పంపుతావా అని అడిగినప్పుడు నువ్వేమన్యావు?"

"ఏమీ అనల్యా."

ఆమె నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"నన్ను అడిగినా నోరు రాదేమో. పిల్లోల్ల మొకాలు చూసినంక ఎవురికి వస్తాది," అంది. ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "దానికి నిన్నేమీ అనను. నిన్న పొద్దున్నుంచీ తెలుసు గదా నీకు. బిళ్ళలోళ్ళు మీ కాడ ఉన్నంతసేపు ఆ నేల మీద ఎవురున్నా బతికేవాళ్ళే గదా. ఒక మనిషిని పంపింటే మేమూ వచ్చి కూర్చునేవాళ్ళం. నడిచొచ్చే దూరమే."

ఆ మాట నాకు నిన్న ఒక్క క్షణమైనా తట్టలేదు. వాళ్ళను కాపాడాలనీ, గాలివానను వాళ్ళమీదికి పోనివ్వకూడదనీ, ఆలస్యంగానైనా అన్నీ అనుకున్నాను. రమ్మని పిలవాలని మాత్రం అనుకోలేదు.

గుంత దగ్గర ఎవరో కేకేశారు. నీళ్ళలో ఇంకొకరు కనిపించారు. లింగమ్మ లేచి వెళ్ళి తాడు అందుకుంది. నేను వెనకాలే వెళ్ళి ఆమె పక్కన అదే తాడు పట్టుకున్నాను. ఆమె నన్ను పొమ్మనలేదు. నా వైపు చూడనూ లేదు. ఇద్దరం కలిసి లాగాం.